నాలుగు గంటల మందు

పోయిన నెల పులివెందులలో నర్సింగ్ చదివే ఆడపిల్లలు నన్ను వచ్చి మాట్లాడమని పిలిచారు. మా చెల్లెలి కూతురు వాళ్లలో ఒకతె. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది, అందులో సగం ప్రొద్దుటూరులో ఐసీయూలోనే గడిపింది అని తోటి పిల్లలకు గొప్పలు చెప్పుకుందట. సరేనని ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాక వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పండి మేడం అని అడిగింది.

నేను కొత్తలో జరిగిన ఒక సంగతి చెప్పాను. అప్పుడు జమ్మలమడుగులో పని. వార్డులో ఒక మంచం మీద పడుకున్న మనిషికి సెలైన్ పెడదామని చెయ్యి పట్టుకుని సూది తీశాను. ఆయన కెవ్వుమని లేచాడు. తీరా చూస్తే ఆయన పేషంటు కాదు, పేషంటుకు తోడు వచ్చిన బామ్మర్ది. అసలు పేషంటు బీడీ తాగడానికి బయటికి పోతే ఖాళీ మంచం మీద నడుం వాల్చాడు పాపం. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. పేషంటుతో వచ్చినవాళ్లను పట్టించుకోవడం నా సర్వీసులో అదొక్కసారే అని నేనూ నవ్వుతూ అన్నాను. వాళ్లు ఇంకా నవ్వారు.

నా పెద్ద తప్పు అది కాదు. అసలుది ఆ పిల్లలకు చెప్పడానికి నోరు రాలేదు. తిరుగు ప్రయాణంలో ముద్దనూరులో బస్సు మారాక దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు బస్సు ఆపి హారన్ కొడుతూనే ఉన్నాడు. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుంటే నేను తల వంచుకుని నా చేతి సంచీలోకి చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఆగి ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ పిల్ల అడిగినదానికి ఇదీ జవాబు.

మా ఐసీయూలో ఎనిమిది మంచాలు. బయట వరండాలో పేషంట్ల వాళ్లు కూర్చోవడానికి ఇనుప కుర్చీలు. మధ్యలో ఒక అద్దాల తలుపు, అద్దానికి లోపలివైపు పచ్చ గుడ్డ. సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా మాత్రమే ఆ తలుపు బయటివాళ్లకు తెరుచుకునేది. పేషంటుకు ఒక్కరు, ఐదు నిమిషాలు. ఈ రూలు నేను పెట్టింది కాదు కానీ, దాన్ని కాపాడింది మాత్రం నేనే. మొదట్లో మంచాల పక్కన ఒక స్టూలు ఉండేది. మిషన్లకు అడ్డమని దాన్ని తీయించి స్టోరు రూములో వేయించిందీ నేనే. ఇప్పుడు మంచం పక్కన కుర్చీ వేసి ఇంటివాళ్లను కూర్చోబెట్టాలని మీ పాఠాల్లో ఉందని విన్నాను. చదివినంత సులువుగా వేయండి తల్లీ ఆ కుర్చీ.

తప్పంతా రూలుదే అని నేను అనను. మన పక్క ఒకరికి జబ్బు చేస్తే ఊరంతా ఆటోలెక్కి వస్తుంది. ఒకాయన చెప్పులతో లోపలికొచ్చి పేషంటు నోట్లో తీర్థం పోయబోయాడు. ఇంకొకాయన వెంటిలేటరు మీద ఉన్న తమ్ముడు పెనుగులాడటం చూసి, చంపుతున్నారు అని అరిచి డ్యూటీ డాక్టరు కాలర్ పట్టుకున్నాడు. ఆ డాక్టరు పులివెందుల అబ్బాయి, చాలా మెత్తనివాడు. ఆ రోజు గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాడు. అది చూసి నాకు ఒక ఉపాయం తట్టింది. ఆ ఉపాయాన్ని చూసుకుని నేను చాలా ఏళ్లు గర్వపడ్డాను.

నోట్లో గొట్టం ఉన్న మనిషికి మత్తు కాస్త తగ్గితే మెలకువ వస్తుంది. మెలకువ వస్తే దగ్గు వస్తుంది, కళ్లలో నీళ్లు కారతాయి, చేతులు గొట్టం మీదికి పోతాయి. అందుకని చేతులను బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీలకు కడతాం. ఇంటివాళ్లు సరిగ్గా ఆ సమయంలో లోపలికొస్తే చూసి తట్టుకోలేరు. కాబట్టి మూడుంబావుకు మత్తు మందు ఒక డోసు ఎక్కువ వేయించేదాన్ని. మనిషి నిద్రలోకి జారుకోగానే కట్లు విప్పి, మొహం తుడిచి, తల దువ్వి, కాస్త పౌడరు అద్ది, దుప్పటి గుండెల దాకా కప్పేవాళ్లం. నాలుగింటికి ఇంటివాళ్లు వచ్చి చూస్తే మనిషి హాయిగా నిద్రపోతున్నట్టు ఉండేది. నాలుగున్నరకు వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ కట్లు కట్టేవాళ్లం. మా వాళ్లు దానికి నాలుగు గంటల మందు అని పేరు పెట్టారు.

పులివెందుల డాక్టరు మొదట్లో నసిగాడు. మత్తు ఎక్కువైతే గొట్టం తీయడం ఆలస్యమవుతుంది కదమ్మా, అవసరమా అన్నాడు. ఇంటివాళ్ల మనశ్శాంతి కోసం నాయనా అన్నాను. నా తల నెరిసి ఉంది, ఆయనది ఇంకా నల్లగా ఉంది. కేస్ షీట్‌లో సంతకం పెట్టాడు. ఆ తర్వాత గొడవలు తగ్గాయి, కాలర్లు పట్టుకోవడం ఆగింది, ఆసుపత్రి పెద్దలు నన్ను మెచ్చుకున్నారు. కుటుంబాన్ని మధ్యలో పెట్టుకుని వైద్యం చేయాలని ఇప్పుడు అంటున్నారే, నేను అనుకున్నదీ అదే. కాకపోతే కుటుంబం ఏదీ చూడకుండా చేయడమే దాని మేలు అనుకున్నాను.

చేతులు కట్టడంలో నేను మరీ గట్టి. దానికీ కారణం ఉంది. అంతకు ముందు చిలమకూరు నుంచి వచ్చిన ఒకావిడ నా డ్యూటీలో గొట్టం పీకేసుకుంది. ఆవిడ బతికింది కానీ నాతో సంజాయిషీ రాయించుకున్నారు. పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. నా మజ్జిగ ఊదుకోవడమంతా అవతలివాళ్ల మణికట్ల మీద జరిగింది.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. కొండాపురం వైపు నుంచి ఒక గొర్రెల కాపరిని అంబులెన్స్‌లో తెచ్చారు. అరవై ఏళ్లు ఉంటాయేమో, ఎండకు కాలిన మనిషి. నాలుగు రోజులుగా జ్వరం ఉన్నా మందను మేపుకుంటూనే ఉన్నాడు. నెమ్ము రెండు ఊపిరితిత్తులకూ పాకింది. గుట్ట మీద మేపుతూ మేపుతూ పొద్దు వాలే వేళ కూలిపోయాడు. వచ్చీ రాగానే గొట్టం వేసి మూడో మంచం మీద పెట్టాం.

వెంట ఆయన భార్య ఒక్కతే వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో ఆయన గొర్రెల కర్ర. తొందరలో పట్టుకొచ్చేసిందట. వాచ్‌మన్ దాన్ని లోపలికి రానివ్వకపోతే వరండాలో గోడకు ఆనించింది. ఇనుప కుర్చీలు ఖాళీగా ఉన్నా కింద, అద్దాల తలుపుకు ఆనుకుని కూర్చుంది. లేచి కుర్చీలో కూర్చోమంటే, కుర్చీలో అయితే నిద్ర పడుతుందంది.

ఆమెతో మా ఆయాకు స్నేహం కుదిరింది. మా ఆయా ముసలిది, తురకల ఇంటి మనిషి, నా కంటే ముందు నుంచీ ఆ ఆసుపత్రిలో ఉంది. ఊడుస్తూ ఊడుస్తూ అందరి కథలూ తెలుసుకునేది. ఆమె ద్వారానే నాకూ కొంత తెలిసింది. గండికోట డ్యాం నీళ్లు వచ్చి వాళ్ల ఊరు మునిగితే పునరావాస కాలనీకి వచ్చి ఉంటున్నారు. పిల్లలు లేరు. ఉన్నదల్లా మంద. "ఊరు మునిగింది, ఇల్లు మునిగింది, గొర్రెలకు కాళ్లుండాయి కాబట్టి మాతో నడిచొచ్చినాయి," అని ఆయాతో అన్నదట. ఆయన కూలిపోయిన రోజు మంద గుట్ట మీద చెల్లాచెదురైంది. ఆయన కళ్ల ముందే అవి తలో దిక్కూ పోయాయి. ఆమె మందను వదిలేసి మొగుడి వెంట అంబులెన్స్ ఎక్కింది. కాలనీవాళ్లు గొర్రెలను వెతుకుతున్నారు.

రెండు రోజులు ఆయన పూర్తిగా మత్తులో ఉన్నాడు. మూడో రోజు పొద్దున డాక్టరు మత్తు తగ్గించి చూశాడు. కళ్లు తెరిచాడు. పిలిస్తే చూశాడు. మంచి గుర్తే అనుకున్నాం. కాసేపటికి కుడి చెయ్యి లేచింది. మోచెయ్యి మంచానికి ఆనించి, చెయ్యి పైకెత్తి, వేళ్లు విడదీసి, మణికట్టును అటూ ఇటూ తిప్పాడు. గొట్టానికీ ఆ చేతికీ మధ్య జానెడు దూరం. నేను పరుగెత్తుకెళ్లి ఆ చెయ్యి దించి కట్టేశాను. ఎడమది కూడా కట్టాను. పేషంటు అలజడిగా ఉన్నాడు, గొట్టం లాగబోతున్నాడు, చేతులు కట్టాం అని కేస్ షీట్‌లో నా చేత్తో రాశాను.

ఆ సాయంత్రం నాలుగు గంటల మందు వేశాం. కట్లు విప్పాం. తల దువ్వాం. ఆమె లోపలికొచ్చి ఐదు నిమిషాలూ ఆయన పాదాలు పట్టుకుని నిలబడింది. మెలకువ వస్తోందా అని అడిగింది. వస్తోంది, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాడు అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను అన్నం తిని వస్తుంటే తలుపు దగ్గర ఆమె లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది. ఆ ముందు మూడు రోజుల్లో ఆమె పళ్లు నేను చూడలేదు. కాలనీ నుంచి ఫోను వచ్చిందట.

"సిస్టరమ్మా, నేనొచ్చేసరికి ఆయప్ప నిద్రలోనే ఉంటాండాడు. చెవులో చెప్పినా నిద్దర్లో ఇనపడదు గదా. మెలకువొచ్చినప్పుడు ఒక్క మాట చెప్తావా?"

"ఏం చెప్పాల?"

"అన్నీ చేరినాయి, కుంటిది గూడా వచ్చిందని చెప్పు. అంతే. ఆయప్పకు అర్థమైతాది."

"చెప్తాలే," అన్నాను.

ఇలాంటి మాటలు ఐసీయూ తలుపు దగ్గర రోజుకు పది వస్తాయి. తమ్ముడు బయలుదేరాడని చెప్పండి, మొక్కు కట్టామని చెప్పండి. చెప్తాలే అంటాం. ఆ మాట మా నోటికి అలవాటైపోతుంది. చెప్పడం అన్నది పనుల పట్టీలో ఉండదు. బీపీ రాయాలి, మూత్రం కొలవాలి, కఫం లాగాలి. కుంటి గొర్రె ఇంటికొచ్చిందని చెప్పాలి అని ఏ షీట్‌లోనూ గడి లేదు.

అయినా చెప్పకూడదనేమీ అనుకోలేదు. లోపలికి వెళ్లి మూడో మంచం దగ్గర నిలబడ్డాను కూడా. ఆయన మెలకువగానే ఉన్నాడు. నన్ను చూశాడు. కట్టు ఉన్నంత మేరకు చెయ్యి లేపి, వేళ్లు విడదీసి తిప్పాడు. నా కళ్లు ఆయన మొహం మీద లేవు, ముడి మీద ఉన్నాయి. ముడి వదులైనట్టు అనిపించింది. దాన్ని విప్పి గట్టిగా మళ్లీ వేశాను. ఇంతలో ఎవరో పిలిచారు. చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఆమె వచ్చేసరికి మామూలుగానే ఆయన నిద్రలో ఉన్నాడు.

ఐదో రోజు పొద్దున డ్యూటీకి వస్తుంటే ఆమె అడిగింది, చెప్పినావా అని. నేను చేతి సంచీ భుజానికి తగిలించుకుంటూ, నడుస్తూనే, చెప్పినాలే అన్నాను. విన్నాడా అంది. విన్నాడులే అన్నాను. లోపలికి వెళ్లగానే చెప్పేస్తే ఈ అబద్ధం నిజమైపోతుంది కదా అనుకున్నాను. అరగంట ముందూ వెనకా, అంతే తేడా అనుకున్నాను. ఆ రోజు ఆమె ఆయా తెచ్చిన అన్నం కడుపు నిండా తిన్నదట. ఆయా నాతో సంతోషంగా చెప్పింది.

నేను లోపలికి వెళ్లేసరికి లారీ యాక్సిడెంటు కేసులు మూడు వచ్చి ఉన్నాయి. ఆ రోజు కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. మరుసటి రోజు కూడా అదే వరస. నేను సాకు చెప్పడం లేదు. ఆ రెండు రోజుల్లో మూడో మంచం దగ్గరికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారి వంగి పది మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? సెలైన్ సీసా మార్చినంతసేపు కూడా పట్టదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఆయా నేల తుడుస్తూ మూడో మంచం దగ్గర ఆగింది.

"సిస్టరమ్మా, ఈ పెద్దాయన ఏందో అడుగుతాండాడు."

"అడిగేదానికి నోట్లో గొట్టముంది కదా."

"నోరు లేకుంటే చెయ్యి అడుగుతాది సిస్టరమ్మా. పొద్దున్నించి ఇదే పని. కళ్లెంబడి నీళ్లు."

గొట్టం ఉన్నవాళ్లందరికీ కళ్లలో నీళ్లు వస్తాయిలే అన్నాను. అది నిజమే. పుస్తకంలో కూడా ఉంది. ఆయా తన చీర కొంగుతో ఆయన కళ్లు తుడిచి పోయింది. కొంగుతో తుడవకూడదు, శుభ్రం కాదు అని నేను ఆమెను కసిరాను. అప్పటికి ఆయన చెయ్యి మూడు వేళ్ల ఎత్తు కూడా లేవడం లేదు. గొట్టం లాగేసుకునే బలం ఆ చేతికి లేదని ఎవరికైనా తెలుస్తుంది. నేను మాత్రం కట్టు తీయలేదు.

ఏడో రోజు ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కగానే ఆయన్ను చూశాను. రంగు మారింది. కళ్లు సగం తెరిచి నావైపు తిప్పాడు. వేళ్లు మాత్రం కదిలాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చెప్పాలని. రౌండ్స్ అయిపోగానే వచ్చి కూర్చుని నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఆ మాట నిలబడి చెప్పేది కాదని ఆ రోజే తోచింది, చూడండి నా తెలివి. రౌండ్స్ మధ్యలో ఉండగానే ఆయన బీపీ పడిపోయింది. మందులు పెంచారు. గుండె ఆగింది. పులివెందుల డాక్టరు చెమటలు కక్కుతూ గుండె నొక్కాడు. పదకొండు గంటలకు ఆపేశాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పే ముందు ఇంకొక సంగతి చెప్పేస్తాను. ఆ రోజుతో నేను మారిపోయానని మీరు అనుకుంటారు. ఇలాంటి జ్ఞాపకాలు రాసేవాళ్లంతా చివర అలాగే రాస్తారు. నేను మారబోయాను. నాలుగు గంటల మందు ఆపించాను. వారం తిరక్కముందే ఒక పేషంటు కూతురు తండ్రి అవస్థ చూసి కళ్లు తిరిగి పడిపోయింది, తల పగిలింది. పెద్దలు నన్ను పిలిచి, ఇన్నాళ్లూ బాగానే ఉండేది కదా, ఏం వచ్చింది నీకు అన్నారు. మళ్లీ వేయించాను. రిటైరయ్యేదాకా వేయించాను. స్టోరు రూములో స్టూలు అక్కడే ఉండిపోయింది. ఒక్కటి మాత్రం చేశాను. ఎవరు ఏ మాట చెప్పమన్నా మంచం దగ్గరికి పోయి చెప్పేదాన్ని. మత్తులో ఉన్నా చెప్పేదాన్ని. మీ బర్రె ఈనింది, దూడ ఆడది అని స్పృహ లేని మనుషుల చెవుల్లో చెప్పేదాన్ని. కొత్త సిస్టర్లు నవ్వుకునేవాళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆకులన్నీ పోగేశాను. ఆ కాలిన చెయ్యి నాది కాదు, అదే బాధ.

పులివెందుల డాక్టరు నా దిగులు చూసి, ఆ మనిషి ఎట్లాగూ బతికేవాడు కాదమ్మా, నెమ్ము ముదిరిపోయి వచ్చాడు అని ఓదార్చాడు. నిజమే కావచ్చు. మా మత్తు వల్ల పోయాడో, జబ్బు వల్ల పోయాడో నాకు తెలియదు, ఆ డాక్టరుకూ తెలియదు. కానీ ఎట్లాగూ చనిపోయేవాడే అయితే, అడిగినదానికి జవాబు లేకుండా చనిపోవాల్సిన పని ఏముంది? దానికి ఆ పిల్లవాడి దగ్గర ఓదార్పు లేదు. ఎవరి దగ్గరా లేదు. మా అమ్మ జమ్మలమడుగులో క్రైస్తవ మిషన్ బడి టీచరు. పొద్దు వాలితే మమ్మల్ని కూర్చోబెట్టుకుని బైబిల్లో తప్పిపోయిన గొర్రె కథ చెప్పేది. చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే. నాకే గుర్తు రాలేదు.

ఇక ఆ పదకొండు గంటల సంగతి.

మిషన్లు ఆపాక గొట్టం తీశాం. మామూలుగా అయితే మొహం తుడిచి, కట్లు విప్పి, అన్నీ సర్ది, అప్పుడు ఇంటివాళ్లను పిలుస్తాం. ఆ హడావిడిలో మొహం తుడిచి దుప్పటి కప్పాం కానీ కట్ల సంగతి ఎవరికీ తోచలేదు. ఎడమ చేతిది గుండె నొక్కేటప్పుడు ఊడిపోయింది. కుడి చేతిది అట్లాగే ఉంది. ఆయన భార్యను లోపలికి పిలిచాను. ఏడు రోజుల్లో సాయంత్రం నాలుగు కాకుండా ఆమె ఆ తలుపు దాటి రావడం అదే మొదలు.

ఆమె పెద్దగా ఏడవలేదు. మంచం పక్కన నిలబడి, కూర్చోవడానికి ఏమైనా ఉందా అని అటూ ఇటూ చూసింది. ఏమీ లేదు. నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుందామని దుప్పటి తీసింది. చెయ్యి రాలేదు. కట్టు చూసింది. మణికట్టు చుట్టూ తోలు కమిలి ఉంది.

నేను కత్తెర తీసుకుని వంగాను. వద్దని చేత్తోనే ఆపి, తనే ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టి ముడి. విప్పుతూనే, తల ఎత్తకుండా అడిగింది.

"గొర్రెను గూడా ఇంత బిగించి కట్టం సిస్టరమ్మా. ఎందుకు కట్టినారు?"

"చెయ్యి ఎత్తుతాండె. గొట్టం లాక్కుంటాడేమోనని కట్టినాం."

"ఎట్ల ఎత్తుతాండె?"

మాటల్లో చెప్పవచ్చు. ఎందుకో చేసి చూపించాను. మోచెయ్యి మంచం కమ్మీకి ఆనించి, చెయ్యి పైకెత్తి, వేళ్లు విడదీసి, మణికట్టు తిప్పాను.

ఆమె ముడి విప్పడం ఆపేసింది. నా చేతివైపే చూస్తూ ఉండిపోయింది. ఆయా కూడా చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆయన భార్య నెమ్మదిగా చెప్పింది. పొద్దు వాలినాక గొర్రెలను రొప్పంలోకి తోలేటప్పుడు తను దొడ్డి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్ని లోపలికి దాటిస్తుందట. ఆయన ఆ చివర మంద వెనక ఉంటాడట. గొర్రెల అరుపుల్లో, దుమ్ములో మాట వినపడదు. అందుకని ఆయన అక్కణ్నించి చెయ్యి ఎత్తి తిప్పుతాడు, అన్నీ చేరినాయా అని. తను గేటు దగ్గర నుంచి అరచెయ్యి ఎత్తి నిలుపుతుంది, చేరినాయి అని. అది చూసినాకనే ఆయన చెయ్యి దించుతాడు. పెళ్లైనప్పటి నుంచీ రోజూ సందెవేళ ఇదే. తను చెయ్యి ఎత్తేదాకా ఆయన అట్లాగే ఎత్తుకుని నిలబడి ఉంటాడట, ఎంతసేపైనా.

మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా ఆ చెయ్యి లేస్తూనే ఉంది. అది అడిగినదానికి జవాబు నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి అద్దాల తలుపు అవతల నేల మీద కూర్చుని ఉంది. మధ్యలో ఉన్నది నేను. ఆయా నా మొహంలోకి చూసింది. రోజంతా ఆ మంచాల మధ్యే తుడుస్తూ ఉండే మనిషి, నేను చెప్పలేదని ఆమెకు తెలుసు. తల దించుకుని నేల వైపు చూసింది.

ఆయన భార్య ముడి విప్పేసింది. కమిలిన మణికట్టును తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది, ఇంకా రక్తం పారుతుందేమో అన్నట్టు. అప్పుడు తల ఎత్తింది.

"నేను చెప్పమన్న మాట నువ్వు చెప్పినావు కదా తల్లీ. చెప్పినాక చెయ్యి దించినాడా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటున్నాను. ఆ నిజంతో ఆమె ఆ కాలనీకి వెళ్లి, ప్రతి సందెవేళా ఆ గేటు దగ్గర ఒక్కతే నిలబడాలి. అది తలచుకుని చెప్పలేదో, నా పరువు తలచుకుని చెప్పలేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"దించినాడు," అన్నాను.

ఆ చెయ్యి దిగింది నిజమే. బ్యాండేజీ గుడ్డతో దించింది నేను.

ఆమె ఆయన చేతిని గుండెల మీద పెట్టి దుప్పటి కప్పింది. కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "అయితే నిమ్మళంగానే పోయినాడులే. నీ నోటితో చెప్పినావు, నీ కడుపు సల్లగుండ," అని రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.